తిరగలి, వెట్టి, పాస్‌పోర్టు: తొలి కమ్యూనిస్టులు భూస్వామ్యాన్ని చదివిన తీరు

ఫ్రెంచి విప్లవానికి ముందు, పికార్డీ ప్రాంతంలోని రోయ్ అనే చిన్న పట్టణంలో ఫ్రాన్స్వా నోయెల్ బాబూఫ్ అనే యువకుడికి ఒక చిత్రమైన వృత్తి ఉండేది. దొరల కోటల్లో అటకెక్కిన పాత దస్తావేజులు దించి, దుమ్ము దులిపి, ఏ రైతు ఏ దొరకు ఏం కట్టాలో, ఏ వసూలు తాతల కాలంలో మరుగున పడిందో, దాన్ని మళ్ళీ ఎలా రాబట్టాలో లెక్క తేల్చి రాసివ్వడం అతని పని. ఒక రకంగా కరణీకమే. కాకపోతే సర్కారుకు కాదు, దొరలకు. పెద్దింటివాళ్ళు జనం సొత్తును ఎలా కాజేశారో ఆ కాగితాల దుమ్ములోనే తెలిసివచ్చిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 1796లో 'సమానుల కుట్ర' నడిపి, మరుసటి ఏడు మే నెలలో గిలటిన్‌కు తల అప్పగించిన ఈ బాబూఫ్‌ను ఆధునిక కమ్యూనిస్టుల్లో మొదటివాడిగా చాలామంది చరిత్రకారులు లెక్కేస్తారు.

భూస్వామ్యపు పద్దులు రాసిన చెయ్యే కమ్యూనిజం తొలి ముసాయిదాల్లో ఒకటి రాసిందన్నమాట. ఈ సంగతి తెలిశాక, మామూలుగా వినబడే రెండు వాదనలూ కాస్త పలచగా కనిపిస్తాయి. కమ్యూనిజం భూస్వామ్యానికి పూర్తి వ్యతిరేకం అని ఒకరంటారు. కాదు, అది కొత్త జెండా కప్పుకున్న భూస్వామ్యమే అని ఇంకొకరంటారు. నిజానికి తొలి కమ్యూనిస్టులకు భూస్వామ్యం ఒక కొలకర్రలా పనికొచ్చింది. ఫ్యాక్టరీలో కంటికి ఆననిదాన్ని పట్టుకోవడానికి వాళ్ళు పాత పొలం గట్టు దగ్గరికి వెళ్ళారు. పండినదాంట్లో ఎవరి వాటా ఎంతో అక్కడ బాగా చూశారు. పండించినవాడు ఆ ఊరు విడిచి వెళ్ళగలడా లేదా అన్న ప్రశ్నను మాత్రం అంత పట్టించుకోలేదు.

ముందు ఆ పొలం సంగతి. 13వ శతాబ్దపు ఇంగ్లండులో ఒక అర్ధబానిస రైతుకు మంచి రోజుల్లో 30 ఎకరాల దాకా సాగు ఉండేది. ఒకే చోట కాదు, ఊరి పెద్ద చేలలో పట్టీలు పట్టీలుగా. అందుకు బదులు వారంలో రెండు మూడు రోజులు దొర సొంత సాగులో ఉచితంగా పని చెయ్యాలి. ఇలాంటి పనికి తెలుగులో 'వెట్టి' కంటే సరైన మాట లేదు. కోతల కాలంలో దానిమీద అదనంగా పిలుపులు వచ్చేవి. ఆ పిలుపుల్లో 'తడి' పిలుపు, 'పొడి' పిలుపు అని రెండు రకాలు. దొర బీరు పోయిస్తే తడి, పోయించకపోతే పొడి. కొన్ని ఊళ్ళలో గడ్డి కోసినవాడు తన కొడవలి కర్రతో ఎంత గడ్డి ఎత్తగలిగితే అంత ఇంటికి తీసుకుపోవచ్చు. ఆశకు పోయి ఎక్కువ ఎత్తితే, కర్ర విరిగితే, ఉన్నదీ పోయేది. రైతు చనిపోతే ఇంట్లోని మేలైన పశువు దొర కొట్టానికి వెళ్ళేది. కూతురి పెళ్ళికి దొరకు రుసుము కట్టాలి. ఊరు విడిచి పోవాలంటే అనుమతి కావాలి.

ఇక మర. దొర మరలోనే గింజలు ఆడించాలి, ఆడించినందుకు పిండిలో వాటా ఇవ్వాలి. ఇంట్లో తిరగలి ఉండటం చాలాచోట్ల నేరం. సెయింట్ ఆల్బన్స్ మఠాధిపతి 14వ శతాబ్దంలో జనం ఇళ్ళల్లోంచి తిరగళ్ళు జప్తు చేయించి, ఆ రాళ్ళను తన గదిలో నేలకు పరిపించాడు. 1381 రైతు తిరుగుబాటులో ఊరివాళ్ళు లోపలికి చొరబడి ఆ నేలను పెకలించి, రాళ్ళను ముక్కలు చేసి, చర్చిలో ప్రసాదపు రొట్టె పంచుకున్నట్టు తలా ఒక ముక్క పంచుకున్నారు.

ఇక్కడో చిన్న విడ్డూరం. తిరగలి భూస్వామి ఉండే సమాజాన్ని ఇస్తుంది, ఆవిరి మర పెట్టుబడిదారు ఉండే సమాజాన్ని ఇస్తుంది అన్న అర్థం వచ్చే మాట మార్క్స్ 1847లో రాశాడు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఉపన్యాసాల్లో ఇప్పటికీ వాడతారు. కానీ సెయింట్ ఆల్బన్స్ నేల వేరే కథ చెబుతుంది. దొరకు ఇష్టమైన యంత్రం ఏటి ఒడ్డున తిరిగే నీటి మర. తిరగలి అతనికి పడనిది, ఎందుకంటే అది పేదవాడి ఇంట్లో ఉంటుంది, దానిమీద వాటా గుంజడం కుదరదు. పనిముట్టు సమాజాన్ని తేల్చదు, ఆ పనిముట్టు ఎవరి గుప్పిట్లో ఉందన్నదే తేలుస్తుంది. ఈ సంగతి మార్క్స్‌కు తెలియంది కాదు. తర్వాత రాసిన పుస్తకాలు నిండా అదే. ఆ ఒక్క వాక్యంలో మాత్రం చమత్కారం చరిత్రను దాటిపోయింది.

ఆయన అసలు బలం లెక్కలో కనబడుతుంది. 1867లో వచ్చిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినం గురించిన అధ్యాయంలో ఇప్పటి రుమేనియాలోని వలాకియా రైతుల వెట్టి లెక్క ఉంది. అక్కడ 1830ల మొదట్లో రష్యన్ల పెత్తనం కింద అమలైన ఒక నిబంధనావళి ప్రకారం రైతు ఏడాదికి 12 రోజులు మామూలు వెట్టి, ఒక రోజు పొలం పని, ఒక రోజు కట్టెలు మోసే పని చెయ్యాలి. మొత్తం 14 రోజులే. ఏడాదికి 14 రోజులంటే దొర దయామయుడే అనిపిస్తుంది. కానీ 'రోజు' అంటే ఏమిటో కూడా ఆ నిబంధనలే చెప్పాయి: సూర్యుడు పొడిచి కుంకేది కాదు, ఫలానా ఇంత పని. ఆ పనిని ఏ మనిషీ ఒక్క రోజులో చెయ్యలేడు. 12 రోజులు 36 అయ్యాయి, పొలం రోజు మూడైంది, కట్టెల రోజు మూడైంది. వెరసి 42. ప్రత్యేక అవసరాలకని ఇంకో 14 రోజులు. మొత్తం 56. ఆ చలిదేశంలో సాగుకు పనికొచ్చేవి 210 రోజులు, ఆదివారాలూ పండగలూ 40 పోను, వానలకు 30 పోను, మిగిలేవి 140. అందులో 56 దొరకు, 84 తనకు.

ఈ లెక్క ఎందుకు వేశాడన్నది అసలు విషయం. 84కు 56 అంటే దోపిడీ రేటు దాదాపు 67 శాతం. ఇంగ్లండు మిల్లుల్లో, పొలాల్లో కూలికి పనిచేసేవాళ్ళ రేటుతో పోలిస్తే ఇది తక్కువేనని మార్క్స్ అంటాడు. 12 గంటల పనిలో ఆరు గంటల్లోనే కార్మికుడు తన కూలికి సరిపడా విలువ పుట్టిస్తే, మిగిలిన ఆరు గంటలూ యజమానివే. అది 100 శాతం. వారంలో మూడు రోజులు వెట్టి చేసినట్టే లెక్క. తేడా ఒక్కటే. వలాకియా రైతు తన చేను వదిలి, గట్టు దాటి, దొర చేలోకి అడుగుపెడతాడు. ఏ గంట తనదో, ఏ గంట దొరదో చంటిపిల్లాడు కూడా చెప్పగలడు. మిల్లులో ఆ గట్టు లేదు. ప్రతి నిమిషంలో 30 సెకన్లు తనకూ, 30 సెకన్లు యజమానికీ పనిచేసినట్టు లెక్క. శనివారం చేతిలో పడే కూలి మొత్తం పనికి ఇచ్చిన డబ్బులాగే కనబడుతుంది. వెట్టిలో దోపిడీ బాహాటం, కూలిలో అది చీటీలో ముడిచి ఇస్తారు. కూలికి మించి కార్మికుడు పుట్టించే విలువ యజమానికి పోతుందనే అదనపు విలువ సిద్ధాంతం అర్థం కాక తలపట్టుకునే విద్యార్థికి ఈ పొలం గట్టు చూపిస్తే పది నిమిషాల్లో అర్థమవుతుంది.

ఒకటి మాత్రం గమనించాలి. మార్క్స్ చూపించిన ఈ నమూనా నిజానికి మధ్యయుగానిది కాదు. 1829లో ఒక ఒడంబడికతో నల్లసముద్రపు వ్యాపారం తెరుచుకుంది, వలాకియా ధాన్యం ఓడలెక్కడం మొదలైంది. దొర తినగలిగింది కొంతే, అమ్ముకోగలిగిందానికి మాత్రం హద్దు లేదు. అందుకే రోజులు సాగాయి. పాత పద్ధతి వెట్టి, దాని వెనక కొత్త మార్కెట్టు ఆకలి. కాబట్టి అక్కడి కొలత నూటికి నూరుపాళ్ళు భూస్వామ్యాన్ని కొలిచిందని చెప్పలేం.

ఈ తరహా పోలికను మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ ఇంకా ముందే, 1847లో, ప్రశ్నోత్తరాల రూపంలో రాసిపెట్టాడు. అర్ధబానిసకూ కార్మికుడికీ తేడా ఏమిటి? అర్ధబానిస చేతిలో పనిముట్టూ, కాస్త భూమీ ఉంటాయి, పంటలో వాటా ఇస్తాడు. కార్మికుడు పరాయివాడి పనిముట్టుతో పరాయివాడి కోసం పనిచేస్తాడు. అర్ధబానిసకు బతుకు గ్యారంటీ ఉంది, కార్మికుడికి లేదు. ఒకడు పోటీకి బయట ఉన్నాడు, ఇంకొకడు పోటీలో ఉన్నాడు. ఇది చదివితే, పాత రోజులే నయం అంటున్నాడేమో అనిపించకమానదు. అలా నిజంగానే అన్నవాళ్ళు ఆ కాలంలో ఉన్నారు. ఫ్యాక్టరీ యజమానుల మీద అక్కసుతో కూలీల పక్షం వహించిన జమీందారీ వర్గపు మేధావులు వాళ్ళు. 1848 ఫిబ్రవరిలో వచ్చిన 'కమ్యూనిస్టు ప్రణాళిక' వాళ్ళకు 'భూస్వామ్య సోషలిజం' అని పేరుపెట్టి ఎగతాళి చేసింది. వాళ్ళు కార్మికుల జోలెను జెండాలా ఊపుతూ ముందు నడిచారట. వెనక నడుస్తున్న జనం వాళ్ళ పిర్రల మీద పాత రాజముద్రలు చూసి, పగలబడి నవ్వుతూ చెదిరిపోయారట. తొలి కమ్యూనిస్టుల రచనల్లో ఇంత చురుకైన చురక మళ్ళీ కనబడదు.

భూస్వామ్యం మీద ఏ మోజూ లేదు, సరే. మరి దాని స్థానంలో ఏం పెట్టదలచుకున్నారు? బాబూఫ్ బృందం ముసాయిదాలో అందరూ తమ ఉత్పత్తిని ఉమ్మడి కొట్టులో జమ చెయ్యాలి, అందరికీ సమానంగా పంచాలి. వినడానికి బాగుంది. అదే ముసాయిదాలో ఇంకో నిబంధన ఉంది: అవసరాన్ని బట్టి పనివాళ్ళను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చే అధికారం పై పాలకమండలిది. 'కమ్యూనిస్టు ప్రణాళిక'లోని పది డిమాండ్లలో మొదటిది, భూమి మీద సొంత ఆస్తి రద్దు చేసి కౌళ్ళన్నీ ప్రజావసరాలకు వాడటం. ఎనిమిదోది, అందరికీ పని తప్పనిసరి చేసి, ముఖ్యంగా వ్యవసాయానికి పారిశ్రామిక సైన్యాలను ఏర్పాటు చెయ్యడం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కౌలు రాజ్యానికి, పని తప్పనిసరి. చిత్రమేమిటంటే దీనికి హెచ్చరిక లాంటిది మార్క్స్ రాతల్లోనే దొరుకుతుంది. ఆయన పోయాక 1894లో వచ్చిన మూడో సంపుటంలో ఆసియా రాజ్యాల గురించి రాస్తూ, రాజ్యమే భూస్వామి అయిన చోట కౌలూ పన్నూ ఒకటైపోతాయి అంటాడు. సోషలిస్టు రాజ్యానికి ఈ వాక్యాన్ని వర్తింపజేసి చూడాలని ఆయనకు తట్టలేదు. రాజ్యం కార్మికవర్గానిదే అయితే ఆ సమస్యే ఉండదనుకున్నాడు.

ఈ పోలికలో బలహీనమైన చోటు, పనివాడు విడిచి వెళ్ళగలడా అన్న ప్రశ్నే. కార్మికుడు రెండు రకాలుగా 'స్వేచ్ఛాజీవి' అని మార్క్స్ వెటకారంగా అంటాడు. ఎవరికైనా పనిచేసే స్వేచ్ఛ ఉంది, ఏ ఆస్తీ లేని స్వేచ్ఛా ఉంది. వెటకారం సబబే. 19వ శతాబ్దపు మాంచెస్టర్‌లో పని మానేసే స్వేచ్ఛ అంటే పస్తులుండే స్వేచ్ఛే. కానీ ఆ స్వేచ్ఛ విలువ ఏమిటో మధ్యయుగాల చరిత్రే చూపిస్తుంది.

1348లో ఇంగ్లండులో అడుగుపెట్టిన ప్లేగు ఏడాదిన్నరలో జనంలో మూడో వంతుకు పైగా ఊడ్చుకుపోయింది. పొలాలు మిగిలాయి, చేతులు కరువయ్యాయి. బతికినవాళ్ళు ఎక్కువ కూలి ఇచ్చే ఊరికి నడిచి వెళ్ళిపోయారు. అది ఆపడానికి 1349లో ఒక ఆజ్ఞ, 1351లో ఒక చట్టం వచ్చాయి. ప్లేగుకు ముందున్న కూలే ఇవ్వాలి, అంతకు మించి అడగరాదు, ఒప్పుకున్న పని వదిలి పోరాదు. 30 ఏళ్ళ తర్వాత 1381లో తిరగబడ్డ రైతులు లండన్ శివార్లలోని మైల్ ఎండ్‌లో రాజుముందు పెట్టిన కోరికలు చూడండి: అర్ధబానిసత్వం రద్దు, ఎకరాకు నాలుగు పెన్నీల కౌలు, ఇష్టమైతేనే పని. చాలాచోట్ల వాళ్ళు మొదట చేసిన పని దొరల కచేరీ పద్దులు తగలబెట్టడం. తిరుగుబాటును అణిచేశారు గానీ వెట్టి మళ్ళీ నిలదొక్కుకోలేదు. తర్వాతి వందేళ్ళలో అది ఇంగ్లండులో దాదాపు కరిగిపోయింది.

అదే యూరప్ తూర్పు భాగంలో కథ తిరగబడింది. ఎల్బే నదికి అవతల, పోలండులో, ప్రష్యాలో, దొరలు 16వ శతాబ్దంలో రైతును మరింత గట్టిగా భూమికి కట్టేశారు. డాన్‌జిగ్ రేవు నుంచి పడమటి నగరాలకు ధాన్యం ఓడలు పోయాయి. జనం తక్కువ, మార్కెట్టు ఎక్కువ అన్న పరిస్థితి పడమట రైతును విడిపించింది, తూర్పున బిగించింది. తూర్పున జరిగినదానికి ఎంగెల్స్ 1882లో 'రెండో అర్ధబానిసత్వం' అని పేరుపెట్టాడు. రెండు చోట్లా భూమి దొరలదే. తేలింది మాత్రం రైతు కాళ్ళ దగ్గర, అంటే పారిపోయినవాణ్ణి పట్టుకొచ్చే బలం దొరకు ఉందా లేదా అన్నదాని దగ్గర.

తెలుగువాళ్ళకు ఈ చర్చ కొత్తేమీ కాదు. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖ్‌ల గడీల చుట్టూ నడిచిన వెట్టిని కమ్యూనిస్టులు భూస్వామ్యం అన్నారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో నేలకొరిగాక ఆ పోరాటం సాయుధపోరాటమై 1951 దాకా సాగింది. ఆ పేరు రాజకీయంగా సరిపోయింది. ఆర్థికంగా చూస్తే మాత్రం తేడా ఉంది. యూరప్‌లో దొరతనం సైనిక సేవకు బదులు దక్కిన భూమి నుంచి పుట్టింది. దేశ్‌ముఖ్ బలం శిస్తు వసూలు అధికారం నుంచి వచ్చింది. ఇంగ్లండులో వెట్టి పొలానికి కట్టి ఉండేది, ఫలానా భూమి దున్నేవాడు ఇన్ని రోజులు చెయ్యాలి అన్న లెక్కతో. తెలంగాణలో అది కులానికి కట్టి ఉండేది. చాకలి బట్టలుతికి, కుమ్మరి కుండలిచ్చి, మాదిగ చెప్పులు కుట్టి చెయ్యాల్సిందే, చేతిలో సెంటు భూమి ఉన్నా లేకపోయినా. ఈ తేడాను ఆనాటి పార్టీ సిద్ధాంతం తగినంతగా పట్టించుకోలేదన్న విమర్శలో పస ఉంది.

ఇక రష్యా. అక్కడ 1497 చట్టం ప్రకారం రైతు ఏడాదికి రెండు వారాలపాటు, నవంబరు 26న వచ్చే యూరి పండగకు ముందు వారం, తర్వాత వారం, బాకీ తీర్చి దొరను మారొచ్చు. 16వ శతాబ్దం చివరికి ఆ వీలు కూడా పోయింది. 'అవ్వా, ఇదేనమ్మా నీ యూరి పండగ' అన్న సామెత మిగిలింది. ఆశ పెట్టుకున్నది అడియాస అయితే రష్యన్లు ఇప్పటికీ ఆ మాట అంటారు. 1649 చట్టంతో పారిపోయినవాణ్ణి ఎన్నేళ్ళకైనా పట్టి తేవచ్చన్నారు. 1861లో విముక్తి వచ్చింది, కానీ భూమి ధరను 49 ఏళ్ళ వాయిదాల్లో కట్టాలి, ఆ కట్టుబడికి ఊరి సంఘం 'మీర్' ఉమ్మడి పూచీ. ఒకడు కట్టకపోతే మిగతావాళ్ళ నెత్తిన పడుతుంది కాబట్టి, ఊరు దాటాలంటే మీర్ ఒప్పుకోవాలి. దొర పోయాడు, కట్టు మిగిలింది. 1881 మార్చిలో రష్యన్ విప్లవకారిణి వేరా జాసులిచ్‌కు రాసిన జవాబులో మార్క్స్ ఈ మీర్‌నే రష్యా పునరుజ్జీవనానికి ఆధారం కాగలదన్నాడు. ఉమ్మడి భూమిని చూసి అన్న మాట అది. ఊరు దాటడానికి కావలసిన అనుమతి ఊసు ఆయన పంపిన ఆ చిన్న ఉత్తరంలో లేదు.

1917 విప్లవం తర్వాత రష్యాలో జరిగింది సిద్ధాంతానికి తూచా తప్పని అమలు అని చెప్పడం అన్యాయం. యుద్ధాలు, కరువులు, స్టాలిన్ రాజకీయాలు అన్నీ కలిశాయి. కానీ 1930ల కల్హోజు ఉమ్మడి పొలాన్ని దగ్గరగా చూస్తే వలాకియా లెక్క గుర్తుకు రాక మానదు. అక్కడ జీతం 'పనిరోజు'ల్లో. ఆ పనిరోజూ గడియారపు రోజు కాదు, పని రకాన్ని బట్టి సగం నుంచి రెండు దాకా వేసే లెక్క. రాజ్యానికి ధాన్యం వాటా, ట్రాక్టర్లు నడిపే ప్రభుత్వ స్టేషన్‌కు అద్దె ధాన్యం, విత్తనాలు తీసేశాక మిగిలింది ఏడాది చివర పనిరోజుల లెక్కన పంచేవారు. మిగిలితే. కుటుంబాన్ని నిజంగా పోషించింది 1935 నిబంధనల ప్రకారం ఇంటి పక్కన వదిలిన పావు హెక్టారు నుంచి అర హెక్టారు పెరడు. 1939 నుంచి ఏటా ఇన్ని పనిరోజులు చేసి తీరాలన్నారు, చెయ్యకపోతే ఆ పెరడు కూడా పోతుంది. కమ్యూనిస్టు పార్టీ రష్యన్ పేరులోని పొడి అక్షరాలు 'వీ కే పీ'ని రైతులు 'వ్తొరోయె క్రెపొస్త్‌నొయె ప్రావో' అని విప్పి చెప్పుకునేవారు. అంటే, రెండో అర్ధబానిసత్వం.

ఆ వెక్కిరింతలో నిజం ఉంది, పూర్తి నిజం లేదు. కల్హోజుకు వంశపారంపర్యపు దొర లేడు. అధ్యక్షుణ్ణి పైనుంచి ఎంత సులువుగా నియమిస్తే అంత సులువుగా పీకేసేవారు. బడి వచ్చింది, ట్రాక్టర్ వచ్చింది. సైన్యంలో చేరి, చదువుకని, ఫ్యాక్టరీల భర్తీ పేరుతో లక్షల మంది ఊళ్ళు దాటారు కూడా. గట్టు మూసే ఉంది గానీ చిల్లులు చాలా ఉన్నాయి. అయినా 1932 డిసెంబరులో పట్టణవాసులకు అంతర్గత పాస్‌పోర్టులు పంచినప్పుడు, కల్హోజు రైతులను ఆ జాబితా నుంచి తప్పించారు. పాస్‌పోర్టు లేనిదే పట్టణంలో స్థిర నివాసం లేదు. ఆ రైతులకు కూడా పాస్‌పోర్టు ఇవ్వాలన్న నిర్ణయం 1974 ఆగస్టులో వచ్చింది. పంపిణీ 1976లో మొదలై, పూర్తికావడానికి 1981 చివరి దాకా పట్టింది.